మూసే వేళకు తెరిచే తలుపులు



మా సంఘములో ఆదివారపు బడి చదివి, నర్సింగు కోర్సు పూర్తిచేసి, పెళ్ళి తరువాత అమెరికాలోని హ్యూస్టన్ పట్టణములో స్థిరపడిన ఒక సహోదరి ఉన్నది. ఆమె తల్లి మాత్రము ఇక్కడే, మా రఘునాథపల్లి మండలములోని ఒక పల్లెలో ఉంటుంది. నాట్లు వేయడము, పత్తి ఏరడము, ఇదే ఆమె ఎరిగిన పని. 2022 చలికాలములో కూతురి కాన్పు నిమిత్తము ఆమె హ్యూస్టన్ వెళ్ళి కొన్ని నెలలుండి వచ్చింది. వచ్చిన తరువాత స్త్రీల కూడికలో ఆమె చెప్పిన సంగతులలో విమానము గూర్చి కొంచెము, చలి గూర్చి కొంచెము ఉన్నది. ఒక రాత్రి గూర్చి మాత్రము చాలా ఉన్నది.

హ్యూస్టన్‌లో ‘స్పేస్ సెంటర్ హ్యూస్టన్’ అనే అంతరిక్ష ప్రదర్శనశాల ఉన్నది. 1992లో ప్రారంభమైనది. చంద్రుని మీదికి వెళ్ళిన మనుష్యులతో భూమి నుండి మాట్లాడిన జాన్సన్ అంతరిక్ష కేంద్రము దాని పక్కనే ఉన్నది. పగలంతా బడి పిల్లలతో, యాత్రికులతో కిటకిటలాడే ఆ స్థలమును క్రిస్మస్ దినాలలో, చీకటి పడిన తరువాత, కుటుంబముల కొరకు మరల తెరుస్తారు. దానికి ‘గెలాక్సీ లైట్స్’ అని పేరు. లోపలా బయటా రంగురంగుల దీపాలు వెలిగిస్తారు. పిల్లలు, తల్లిదండ్రులు, అవ్వతాతలు అందరూ కలిసి వాటి మధ్య తిరుగుతారు. పాటలుంటాయి, తినుబండారాలుంటాయి.

ఇటువంటి వాటిని అక్కడ పార్టీ అనే అంటారట. మన దగ్గర పార్టీ అంటే రెండే అర్థాలు. ఒకటి జెండా మోసేది, రెండవది సీసా మూత తీసేది. అందుకే ఆ తల్లి ‘రాత్రి పార్టీకి పోయిన’ అనగానే కూడికలోని స్త్రీలు ముఖముఖాలు చూసుకున్నారు. ఆమెకు అర్థమై, “అయ్యో, గది కాదుర్రి. పిల్లలు, తల్లులు, ముసలోళ్ళు అందరొచ్చే పార్టీ” అని నవ్వింది.

ఆ ఇంటి సంగతి కొంత చెప్పాలి. కూతురికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. అల్లునికి పగటి పని. ఆ ప్రదర్శనశాలకు కొద్ది మైళ్ళ దూరములో ఉంటూ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళలేదు. పెద్ద పిల్లవాడు బడి తరఫున రెండుసార్లు పోయి వచ్చి ఏవేవో చెప్పేవాడు, వీరు ఊకొట్టేవారు. సాయంకాలము తెరుస్తారని తెలిసి, సెలవు చూసుకొని, మొదటిసారి ఇంటిల్లిపాదీ కొంచెము పొద్దుండగానే వెళ్ళారు.

“గేటు కాడనే విమానం మీద విమానం ఎక్కి కూసున్నది అయ్యగారూ” అన్నది ఆ తల్లి. ఆమె చూసినది నిజమే. అంతరిక్ష నౌకలను మోయడానికి వాడిన బోయింగ్ 747 విమానము అది. దాని వీపు మీద ‘ఇండిపెండెన్స్’ అని పేరుపెట్టిన నమూనా షటిల్‌ను నిలిపారు. 2016 నుండి జనులు రెంటిలోనికీ ఎక్కి చూస్తున్నారు. అదే కేంద్రము ఆవరణలో శాటర్న్ 5 రాకెట్ ఒకటి షెడ్డులో అడ్డముగా పడుకోబెట్టి ఉన్నది. దాని పొడవు 363 అడుగులు. మన మెదక్ మందిరపు గోపురము 175 అడుగులు. అటువంటి గోపురములు రెండు, ఒకదానిమీద ఒకటి పెట్టినా ఆ రాకెట్ ఎత్తుకు చాలవు.

లోపల ఒకచోట చంద్రుని మీద నుండి తెచ్చిన రాతి ముక్క ఉన్నది. ఎవరైనా దానిని వ్రేలితో ముట్టవచ్చును. మనుమడు అవ్వ చేయి పట్టుకొని వరుసలో నిలబెట్టి ముట్టించాడు. స్త్రీల కూడికలో అందరూ ఒక్కసారే అడిగిన ప్రశ్న ఇదే: “ఎట్లున్నది?”

“రాయి లెక్కనే ఉన్నది. నున్నగ, సల్లగ.”

అందరూ నవ్వారు. అంత దూరము పోయి ఇంతేనా అన్నారు. కాని ఆమె ఆగలేదు. “గది కాదు. పిలగాడు నాకు చెప్తుండు, నేను ఇంటున్న. ఇంట్ల అయితే టీవీ దిక్కు చూసుకుంట చెప్తడు. గాడ నా మొకం దిక్కు చూసి చెప్పిండు” అన్నది.

ఈ మాట నన్ను చాలా దినములు వదలలేదు.

మన ఊళ్ళలో జరుగుతున్నదేమిటి? పిల్లలను బడివారు బస్సెక్కించి పట్నము తీసుకుపోతారు. పిల్లలు చూసి వస్తారు. తల్లి ఆ పూట చేనులో ఉంటుంది, తండ్రి ఆటో మీద ఉంటాడు. రాత్రి అన్నము దగ్గర పిల్ల ఏదో చెప్పబోతుంది. తల్లికి ఆ పేర్లు తెలియవు, తండ్రికి నిద్ర వస్తుంది. ఒక సంవత్సరము, రెండు సంవత్సరములు ఇట్లా గడిచాక పిల్ల చెప్పడము మానేస్తుంది. “మీకు అర్థం కాదులే” అనే మాట ఇంట్లో పుడుతుంది. చదువుకున్న పిల్లలు తల్లిదండ్రులను చిన్నచూపు చూస్తున్నారని సంఘ పెద్దలు నా దగ్గర వాపోతుంటారు. నా మట్టుకు నాకు, ఆ చిన్నచూపు కళాశాలలో మొదలయ్యేది కాదు. పిల్లలు ఒంటరిగా చూసి వచ్చిన చోట్ల మొదలవుతుంది.

ఆ కూడికలోనే ఒక సహోదరి అడిగింది, “మన పట్నంల లేదా గసొంటిది?”

ఉన్నది. హైదరాబాదులో నౌబత్ పహాడ్ గుట్ట మీద బిర్లా నక్షత్రశాలను 1985లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావుగారు ప్రారంభించారు. ఆ తరువాత 1990లో దాని పక్కన సైన్సు మ్యూజియము వచ్చింది. రాక్షసబల్లుల విభాగము కూడా ఉన్నది. మన తెలంగాణలోనే యామనపల్లి దగ్గర తవ్వి తీసిన ‘కోటసారస్’ ఎముకల గూడు అక్కడ నిలబడి ఉన్నది. 2019 జూలైలో ఇస్రో సహకారముతో అంతరిక్ష మ్యూజియమును కూడా తెరిచారు. మన రాకెట్ల, ఉపగ్రహముల నమూనాలు అందులో ఉన్నాయి. మా ఊరి నుండి రైలులో రెండు గంటల పైచిలుకు ప్రయాణము.

అక్కడికి ఎందరు వెళ్ళారని చేతులెత్తమన్నాను. ముప్పది మందికి పైగా ఉన్న స్త్రీలలో ఒక్క చేయి లేచింది. ఆమె కూడా లోపలికి పోలేదు. హైదరాబాదులో మట్టి పని చేసిన రోజులలో ఆ గుట్ట కింద నుండి గంప ఎత్తుకొని నడిచేదట. ఆ స్త్రీల పిల్లలలో సగము మంది మాత్రము బడి తరఫున చూసి వచ్చినవారే.

టికెట్టు ఖర్చు ఒక్కటే అడ్డము అనుకోకండి. పత్తి ఏరే కాలములో ఒక రోజు పోతే ఆ రోజు కూలి పోతుంది, మేస్త్రి మరునాడు పిలవకపోవచ్చును కూడా. ప్రదర్శనశాలలు పగలు తెరుస్తాయి. కష్టజీవి పగలే అమ్ముడుపోయి ఉంటాడు. హ్యూస్టన్‌లోని నర్సుకూ, మా ఊరి పత్తి కూలికీ ఈ విషయములో పెద్ద తేడా లేదు.

ఆ సంవత్సరమే మనకొక సాయంకాలము దొరికింది. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి చంద్రయాన్-3 బయలుదేరింది. ఆగస్టు 23 సాయంత్రము చంద్రుని మీద దిగుతుందని ప్రకటించారు. ప్రొద్దు గూకే వేళ! చేలనుండి అందరూ ఇంటికి చేరే సమయము. మందిరములో తెల్లని దుప్పటి కట్టి, ప్రొజెక్టరు అరువు తెచ్చి, కుటుంబములతో రమ్మని చెబుదామని నేను పెద్దల సభలో మాట పెట్టాను.

పెద్దలలో ఇద్దరు ఒప్పుకోలేదు. ఒకరిది, ప్రార్థన మందిరములో రాకెట్ల ముచ్చట ఎందుకని. ఆయనకు రెండు సంగతులు చెప్పాను. 1968 డిసెంబరు 24 రాత్రి అపోలో-8లో చంద్రుని చుట్టూ తిరుగుతున్న బోర్మన్, లోవెల్, ఆండర్స్ అనే ముగ్గురు, భూమి మీద టీవీల ముందు కూర్చున్న కోట్లమందికి వినబడునట్లు ఆదికాండము మొదటి అధ్యాయములోని మొదటి పది వచనములు చదివారు. మరుసటి సంవత్సరము జూలై 20న చంద్రుని మీద దిగిన ఆల్డ్రిన్, బయటికి అడుగుపెట్టక ముందు, తాను పెద్దగా ఉన్న వెబ్‌స్టర్ ప్రెస్బిటేరియన్ సంఘము పంపిన రొట్టెను, ద్రాక్షారసమును తీసుకున్నాడు. ఆ చిన్న గిన్నె ఆ సంఘము దగ్గరకు తిరిగి వచ్చింది. వెబ్‌స్టర్ హ్యూస్టన్ పక్క ఊరే. ఆయన విని, “సరే, కాని సినిమా పాటలు మాత్రము వద్దు” అన్నారు. అది న్యాయమైన షరతే.

రెండవ పెద్దది బరువైన ప్రశ్న. “గన్ని కోట్లు ఆడ పోసేకంటే మా వాడకట్టుకు రోడ్డు ఎయ్యొచ్చు గదా అయ్యగారూ?” ఈ ప్రశ్నను నవ్వి తోసివేయరాదు. వాన పడితే ఆ వాడలోనికి అంబులెన్సు రాదని నాకు తెలుసు. నేను చెప్పినది ఇంతే: 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడిననాడు మనకు ఆకాశములో నుండి మబ్బులను చూసే సొంత కన్ను లేదు. వేలాది మంది కొట్టుకుపోయారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు, అది వచ్చే దారిని ముందుగానే చూసి, లక్షల మందిని పక్కకు తరలించారు. ప్రాణనష్టము ఆనాటితో పోల్చదగినది కాదు. ఆయన తల ఊపారు గాని, “రోడ్డు సంగతి సుత అడుగున్రి” అన్నారు. అడిగాను. ఆ రోడ్డు ఇంకా పడలేదు.

ఆ సాయంత్రము అయిదు గంటలకల్లా మందిరము నిండింది. మా సంఘస్థులే గాక వాడలోని ఇతరులు కూడా వచ్చారు. మా ఇంట్లో అమ్మగారు, మరి కొందరు స్త్రీలు మిరపకాయ బజ్జీలు, చాయ్ సిద్ధము చేశారు. చిన్నపిల్లలు చాపల మీద, పెద్దలు బల్లల మీద. కరెంటు పోతుందేమోనని ఒకాయన జనరేటరు తెచ్చి బయట పెట్టి, లోపలికి రాకుండా దాని దగ్గరే కూర్చున్నాడు. ఎంత పిలిచినా రాలేదు.

తొమ్మిదవ తరగతి చదివే ఒక పిల్లను లేచి వివరించమన్నాను. ఆమె తండ్రి ఆటో నడుపుతాడు. పదవ తరగతి అయ్యాక చదువు చాలునని ఇంట్లో అప్పటికే మాట అయిపోయినది. ఈ సంగతి నాకు వారి తల్లి ద్వారా తెలుసు. ఆ పిల్ల మొదట వణికింది, తరువాత కుదుట పడింది. ముప్పది కిలోమీటర్ల ఎత్తు నుండి దిగడము మొదలవుతుందనీ, అప్పుడు దాని వేగము సెకనుకు ఒకటిన్నర కిలోమీటర్లకు మించి ఉంటుందనీ చెప్పింది. ఎవరికీ అందలేదు. “అంటే మన ఊరి నుండి హైదరాబాదుకు ఒక్క నిమిషములో పోవడము” అన్నది. అందరూ ‘అబ్బో’ అన్నారు. పట్నము కిరాయికి పోయి వచ్చే వాళ్ళ నాన్న అందరికంటె గట్టిగా అన్నాడు.

ఆయనే మళ్ళీ అడిగాడు, “మరి గంత జోరు మీదున్నదాన్ని ఎట్ల ఆపుతరు బిడ్డా? గొడుగు ఇప్పుతరా?”

“చంద్రుని మీద గాలి లేదు నాయినా. గొడుగు ఇప్పినా నిండదు. ఇంజన్లను కిందికి మండించి ఆపాలె.”

“అంటే బ్రేకు లేదు, రివర్సు గేరే అన్నట్టు.”

“ఆఁ, అదే!”

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ తండ్రీకూతుళ్ళు నూట యాభై మంది ఎదుట అట్లా మాట్లాడుకోవడము నాకు తెర మీది దానికంటె తక్కువ అద్భుతముగా తోచలేదు.

5 గంటల 44 నిమిషాలకు దిగడము మొదలైనది. తెర మీద పచ్చని గీత ఒకటి కిందికి వంగుతున్నది. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ఇట్లాగే దిగుతూ చివరి క్షణములలో మాట తప్పిపోయిన సంగతి పెద్ద పిల్లలకు తెలుసు గనుక వారు గోళ్ళు కొరుక్కున్నారు. తెలియని చిన్నవారు బజ్జీలు తిన్నారు. 6 గంటల 4 నిమిషాలకు దిగింది. కేకలు, చప్పట్లు. తరువాత ఇస్రో వారిలో కె. కల్పనగారు అనే సహ ప్రాజెక్టు డైరెక్టరు మాట్లాడారు. ఆమె ఆంగ్లములో మాట్లాడారు గనుక మా స్త్రీలకు మాటలు అర్థము కాలేదు. అయినా ఒక తల్లి పక్కనున్న కూతురిని మోచేతితో పొడిచి, “చూడు” అన్నది. ఇంకేమీ అనలేదు.

జనరేటరు దగ్గర కూర్చున్నాయన చప్పట్లు విని తలుపు దగ్గరకు వచ్చి, “దిగిందా?” అని అడిగి మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. కరెంటు ఆ రోజు పోనే లేదు.

ఆ ఆటో తండ్రి వారము తరువాత నా దగ్గరకు వచ్చి, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటే ఆ పనులకు పోతారని అడిగాడు. తరువాత ఆ పిల్ల పదవ తరగతి పాసై జనగామలో ఎం.పి.సి.లో చేరింది. ఇదంతా ఆ ఒక్క సాయంత్రము వల్లనే అని నేను చెప్పను. మార్కులు తెచ్చుకున్నది ఆ పిల్ల, ఫీజు కట్టింది ఆ తండ్రి.

ఆగస్టు 23ను ప్రభుత్వము జాతీయ అంతరిక్ష దినముగా ప్రకటించింది. 2024 నుండి జరుపుతున్నారు. ఐక్యరాజ్యసమితి 1999లో ఏర్పరచిన ప్రపంచ అంతరిక్ష వారము కూడా ఏటా అక్టోబరు 4 నుండి 10 వరకు జరుగుతున్నది. శ్రీహరికోటలోని కేంద్రము వారు ఆ వారములో ఊళ్ళకు వచ్చి ప్రదర్శనలు పెడుతుంటారు. ఇవి బడులలో, కళాశాలలలో పగటిపూట జరిగేవే ఎక్కువ. ఇందులో ఒక్క సాయంత్రమైనా, ఆరు దాటిన తరువాత, తల్లిదండ్రులతో కలిసి రమ్మని పిలిస్తే ఖర్చు పెద్దగా పెరుగదు. మన ఊళ్ళలోని సంఘములకు గదులున్నాయి, చాపలున్నాయి, మైకులున్నాయి. క్రిస్మస్‌కు కట్టే దీపాలు మిగతా పదకొండు నెలలు అటక మీదనే ఉంటాయి.

పత్తి పని తీరిన తరువాత, 2024 ఫిబ్రవరి 10, రెండవ శనివారము, మేము నలభై మందిమి హైదరాబాదు వెళ్ళాము. ఈసారి ఒకటే షరతు పెట్టాము: పిల్లలు ఒంటరిగా రారాదు, ప్రతి పిల్లతో ఇంటివారు ఒకరు ఉండాలి. తల్లి గాని, తండ్రి గాని, అవ్వ గాని. హ్యూస్టన్ పోయి వచ్చిన తల్లి దారి పొడుగునా మాకు గైడు. అంతరిక్ష మ్యూజియములో రాకెట్ నమూనాల దగ్గర ఆమె, “నేను చూసినదాని ముందు ఇది పిల్ల” అన్నది. కోటసారస్ దగ్గర మాత్రము నోరు మూసుకుంది. అటువంటిది తాను హ్యూస్టన్‌లో చూడలేదట.

నక్షత్రశాలలో తెలుగులో చెప్పే ప్రదర్శనకు కూర్చున్నాము. దీపాలు ఆర్పారు. గుమ్మటము నిండా చుక్కలు పొడిచాయి. ఏవో పేర్లు చెబుతూ సప్తర్షి మండలము అన్నప్పుడు, చీకటిలో మా సంఘములోని డెబ్బది ఏండ్ల అవ్వ ఒకామె గట్టిగా, “అరే, గిది ముసలమ్మ మంచం గదా!” అన్నది. హాలంతా నవ్వింది. పక్కనున్న మనుమరాలు సిగ్గుపడి, “అవ్వా, మెల్లగ” అన్నది.

తిరుగు రైలులో ఆ పిల్లే అవ్వను అడిగింది, మంచము సంగతేమిటని. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచపు కోళ్ళనీ, వెనుక వచ్చే మూడు చుక్కలు మంచము ఎత్తుకుపోవ వచ్చిన దొంగలనీ అవ్వ చెప్పింది. ఎదుటి బల్ల మీది పిల్లలు కూడా దగ్గరకు జరిగారు. పిల్లలకోడి అంటే ఏదో, గొల్లకావడి అంటే ఏదో అన్నీ బయటికి వచ్చాయి. ఈ పేర్లు తమకు తెలుసునని మరి ముగ్గురు తల్లులు అన్నారు. ఇన్నేండ్లలో తమ పిల్లలకు ఎందుకు చెప్పలేదని అడిగితే, “ఎవ్వలడిగిన్రు?” అన్నారు.

రఘునాథపల్లి స్టేషనులో దిగేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అమావాస్య మరునాడు, వెన్నెల లేదు. రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారము చివర చీకటిగా ఉన్నది. పిల్లలకోడి పడమటి దిక్కున నడిమింటికి కాస్త దిగువగా కనబడింది. అవ్వ ఉత్తరముగా తిరిగి కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని చూసి, “మంచం ఎక్కింది. దొంగలింక రాలే” అన్నది.

“ఎప్పుడొస్తరు?”

“ఇంకో గంట పడ్తది.”

ఇంటికి పోదామని తండ్రులు అన్నారు. పిల్లలు కదలలేదు. బెంచీల మీద సంచులు పెట్టుకొని, మిగిలిన పులిహోర పంచుకొని, ఆ గంట అక్కడే కూర్చున్నాము.